డబ్బా మీద చీటీ

పద్మప్రియ ఉద్యోగం పోయిన సంగతి ఉరవకొండలో ఆమె తల్లి తర్వాత మొదట తెలిసింది ప్రశాంతికే. ఎవరో చెప్పగా విన్నది కాదు. పోలియో కాలికి కట్టుకున్న ఇనుప కట్టు మెట్ల మీద చప్పుడు చేస్తుండగా ఆ పిల్ల విత్తనాల అంగడి పైన ప్రశాంతి నడిపే ఇంటర్నెట్ ఆఫీసుకు ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. బల్ల మీద ఒక కరపత్రం పరిచింది. "ఇది మీరు అచ్చేయించిందే కదక్కా?" అని అడిగింది. తిట్టలేదు, ఏడవలేదు. కరపత్రం మధ్యలో ఎర్రటి పెద్ద అక్షరాలు: 'ఇంటింటికీ ఇంటర్నెట్. పగలైనా రాత్రయినా ఒకే వేగం.'

ఆ మాట ఊరికి ఈ లైను తెచ్చిన ఆమె మేనమామ ఆంజనేయులుది. అచ్చుతప్పులు దిద్దింది మాత్రం ప్రశాంతే.

పద్మప్రియది చెవులతో చేసే పని. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసినవి ఇంటర్నెట్‌లో వస్తాయి. వాటిని విని, టైపు చేసి, చెప్పిన వేళకు బెంగళూరు కంపెనీకి పంపాలి. ఆ పిల్ల ఒక్క తప్పు లేకుండా టైపు చేసేది. కానీ సాయంత్రమయ్యేసరికి లైను నీరసించిపోయేది. ఫైలు సగం దూరం వెళ్లి ఆగిపోయేది. కంపెనీవాళ్లు ఓపిక పట్టినంతకాలం పట్టి, ఇక రావద్దన్నారు.

 పద్మప్రియ అడిగి వెళ్లాక ప్రశాంతి ఒక పని మొదలుపెట్టింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం లైను ఎంత వేగంగా వస్తున్నదో తానే కూర్చుని కొలవసాగింది. కొలిచినదాన్ని ఊళ్లో అందరికీ అర్థమయ్యే తెలుగులో ఒక చిన్న చీటీగా రాసింది. దాన్ని ప్రతి ఇంట్లో ఉన్న మోడెం డబ్బా మీద అంటించాలని పూనుకుంది.

ఈ ఆలోచన ఆమెకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఆఫీసు కింద మామ విత్తనాల అంగడి ఉంది. ఆషాఢంలో రోజూ మెట్లు దిగేటప్పుడు చూసేదే. శనక్కాయ విత్తనం కొనడానికి వచ్చిన రైతు ముందు ధర అడగడు. మూటను పక్కకు దొర్లించి, మూతి దగ్గర కుట్టిన చీటీని బొటనవేలితో సాపు చేసి చూస్తాడు. చదువు రానివాడైతే పక్కవాడి చేత చదివించుకుంటాడు. నూటికి ఎన్ని గింజలు మొలుస్తాయో ఆ చీటీ చెబుతుంది. అది విన్నాకే మిగతా మాటలన్నీ. గింజకున్న చీటీ తీగకెందుకు ఉండకూడదని ప్రశాంతికి అక్కడే తట్టింది.

ఆమె రాసిన చీటీ ఇలా ఉంది: 'ఈ లైను పగటిపూట మేము చెప్పిన వేగంతో వస్తుంది. దీపాలు పెట్టిన దగ్గర్నుంచి భోజనాలయ్యేదాకా సగానికి తగ్గుతుంది, ఆ వేళ వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి. పెద్ద ఫైళ్లు పంపుకునేవాళ్లు పొద్దున పూట పంపుకోవడం మేలు. మీ వీధిలో కరెంటు పోతే లైను ఆగవచ్చు. బాగుచేయడం మాకు ఆలస్యమైతే ఆ దినాలకు బిల్లు కట్టనక్కర లేదు.'

మొదటి చీటీని తీసుకెళ్లి పద్మప్రియ ఇంట్లో డబ్బా మీద స్వయంగా అంటించి వచ్చింది. మిగతావి వారం రోజులకు ప్రెస్సు నుంచి కట్టలుగా వచ్చి బల్ల మీద కూర్చున్నాయి. ఇక హర్ష చేతికిస్తే ఇంటింటికీ పంచి వస్తాడు. హర్ష ఆంజనేయులు కొడుకు. ఊళ్లో స్తంభం స్తంభానికీ తీగలు లాగినవాడు.

సరిగ్గా అవి వచ్చిన సాయంత్రమే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

పొద్దు గుంకీ గుంకగానే ఊరంతా ఒక్కసారిగా ఆరిపోయింది. ఆఫీసుకు బ్యాటరీలున్నాయి. వజ్రకరూరు గుట్ట మీది టవరుకు జనరేటరుంది. గుంతకల్లు నుంచి గాలిలో వచ్చే లైను ఆ టవరును తాకి, అక్కణ్నుంచి ఈ మిద్దె మీది పళ్లెంలాంటి డిష్షుకు దిగుతుంది. కాబట్టి ఆఫీసులో లైను ఆగలేదు. ప్రశాంతికి ఒక సరదా పుట్టింది. ఊళ్లో ఒక్క కంప్యూటరు కూడా పనిచేయని ఈ వేళ, లైను మొత్తం తనొక్కతెకే వస్తే ఎంత పరుగు తీస్తుందో చూడాలనుకుంది.

కొలిచింది. సగమే ఉంది.

ఏదో పొరపాటనుకుని మళ్లీ కొలిచింది. మళ్లీ సగమే. మిద్దె మీదికి వెళ్లి నాలుగు పక్కలా చూసింది. ఆస్పత్రి వైపు ఒక్క బల్బు తప్ప కనుచూపు మేర వెలుగు లేదు. వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి సగానికి తగ్గుతుందని కదా చీటీలో రాసింది! వాడేవాళ్లే లేరు. మరి ఆ సగం ఎవరు తాగుతున్నారు?

కిందికి దిగి వచ్చి బ్యాటరీ వెలుతురులో చీటీల కట్టల వంక చూస్తే, అచ్చయిన ఆ నల్లటి అక్షరాలే ఆమెను ఎగతాళి చేస్తున్నట్టనిపించింది. కరపత్రం మీది అబద్ధాన్ని కొట్టేయబోయి, ఇంకో అబద్ధాన్ని అచ్చేయించింది తను.

తెల్లవారాక హర్షను అడిగింది. హర్ష మోటారు సైకిలు కిక్కు కొట్టబోతున్నవాడల్లా ఆగాడు. ఆమె ముఖంలోకి చూడకుండా, "నాయన్నడుగు వదినా," అన్నాడు. ఆ తర్వాత బండి తీసుకుని స్తంభాల పని మీద వెళ్లిపోయాడు.

ఆంజనేయులు అంగడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వానలు వెనకబడ్డాయి. విత్తనం కొనాలా వద్దా అని తేల్చుకోలేని ఇద్దరు రైతులు ఎదుటి బెంచీ మీద మేఘాల వంక చూస్తున్నారు. ఆంజనేయులుది పెద్ద చెయ్యి. ఎకరాలున్నాయి, అంగడుంది, మిల్లుంది, కేబుల్ టీవీ ఉంది. ఏ పార్టీ గెలిచినా తాలూకాఫీసులో అతని మాట వింటారు. ప్రశాంతి అనంతపురంలో కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటుంటే, 'నెట్టు పెడతాండా, నమ్మకమైన మనిషి కావల్ల' అని కబురు పంపి రప్పించింది అతనే. చిన్నతనంలో తండ్రి పోయిన ఆమెను చదివించిందీ అతనే.

"మామా, నిన్న మాపున ఊరంతా కరెంటు పోయింది కదా," అంది ప్రశాంతి.

"లైన్‌మన్‌కు చెప్పినాలేమ్మా. తెల్లారేలోపే కొత్తది పెట్టినారు కదా."

"అది కాదు. ఊళ్లో ఒక్క కంప్యూటరూ ఆడలేదు. అయినా మన లైను సగమే ఉండాది."

ఆంజనేయులు చేతిలో ఉన్న శనక్కాయను చిదిపి గింజను నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు.

"నీ కొలత తప్పుంటాది."

"ఈ పొద్దున మళ్లా చూసినా. నిండుగా ఉండాది. మాపున మాత్రమే సగం పోతాంది. మంది ఉన్నా పోతాంది, లేకున్నా పోతాంది. హర్షను అడిగితే నిన్ను అడగమన్నాడు."

ఆంజనేయులు బెంచీ మీది రైతుల వంక చూశాడు. "పోయి టీ తాగి రాపోండప్పా," అన్నాడు. వాళ్లకు అర్థమైంది. లేచి వెళ్లారు. అతను పక్కనున్న ఖాళీ గోనెసంచిని మడిచి, మేనకోడలు కూర్చోవడానికి అరుగు మీద వేశాడు. ఆమె కూర్చోలేదు.

"మన టవరు యాడుండాది?" అని అడిగాడు.

"వజ్రకరూరు గుట్ట మీద."

"ఆ గుట్ట ఎవరిది?"

ప్రశాంతి తడబడింది. అది ప్రభుత్వానిదనో, మామదేననో అనుకుందే తప్ప ఎన్నడూ అడగలేదు.

"వజ్రాల కోసం నేల తవ్వి చూస్తాండారే, ఆ క్యాంపోళ్లది," అన్నాడు ఆంజనేయులు. "సర్కారు నుంచి వాళ్లు గుత్తకు తీసుకున్న నేల. టవరు ఇనుము నాది. నిలబడిన జాగా వాళ్లది, జనరేటరు వాళ్లది, కాపలా వాళ్లది. గుంతకల్లు నుంచి ఈడిదాకా మధ్యలో ఇంగో ఎత్తు లేదు. నేను చూడని గుట్ట లేదు, అడగని మనిషి లేడు. ఎవరూ ఇయ్యలే. వాళ్లు ఇచ్చినారు. వాళ్లు ఊరికే ఇయ్యలే. పొద్దంతా తవ్వి చూసినదాన్నంతా మాపున హైదరాబాదుకు పంపుకోవల్ల. ఆ వేళ సగం లైను ఎవరూ ముట్టకూడదన్నారు. సరే అంటి."

"ఈ మాట నాకు చెప్పకపోతివే."

"చెప్పింటే వచ్చేదానివా?"

 చెప్పి ఉంటే ప్రశాంతి రాకపోయేదేమో. లేక వచ్చి, ఆ కరపత్రం మీద ఆ మాట రాయనిచ్చేది కాదేమో. తనకే తెలియలేదు.

"నాకు చెప్పకపోతే పోనీ మామా. దుడ్లిచ్చి లైను పెట్టించుకున్నోళ్లకు చెప్పల్ల కదా? ఆ పిల్ల పద్మప్రియ మన మాట నమ్మి మాపటి షిఫ్టు తీసుకునింది."

"ఆ పిల్లకు నేను వేరే పని చూపిస్తా. పద్దులు రాసేకి మన మిల్లులో మనిషి కావల్ల."

"ఆ పిల్ల పని అడగలే. నిజం అడిగింది."

ఆంజనేయులుకు కోపం వచ్చింది. వస్తే అతను గొంతు పెంచడు, తగ్గిస్తాడు. "నిజమంటే ఏందమ్మా? నువ్వు సగం అని రాసి అంటిస్తావు. వచ్చే నెల అనంతపురం నెట్టు కంపెనీవాడు మన ఊళ్లో దిగుతాండాడు. వాడు నిండు అని పోస్టరేస్తాడు. వాడిదీ మాపున సగమే. వాడి పోస్టరు చూసి మంది వాడి కాడికి పోతారు. మన అంగట్లో మనమే కూర్చోని మా సరుకు సగమే అని కూత వేస్తే, యాడన్నా యాపారం నిలబడతాదా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. ప్రశాంతి దాన్ని కాదనలేకపోయింది. విత్తనం మూటకు చీటీ కుట్టి ఉండడం వ్యాపారులు మంచివాళ్లయినందువల్ల కాదు. కుట్టకపోతే అధికారి వచ్చి అంగడి మూయిస్తాడు కాబట్టి. అందరి మూటలకూ ఉంటుంది కాబట్టే రైతు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటాడు. ఒక్క అంగట్లోనే చీటీ ఉంటే అది ఆ అంగడికే బరువు. ఇంటర్నెట్టుకు చీటీ ఏదని ఉరవకొండకొచ్చి అడిగినవాళ్లు ఇంతదాకా ఎవరూ లేరు.

అయినా ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది.

"ఆ కరువు సంవత్సరం లారీ సంగతి చెప్పు మామా."

"యా లారీ?"

"అమ్మ చెప్పేది. ఆ ఏడు విత్తనం ఎక్కడా దొరకలేదంట. ఎవరో లారీ నిండా విత్తనం తెస్తే, చీటీ మీద ఒకటుంది, మూటలో ఇంగోటుందని నువ్వు తడిగుడ్డలో గింజలు మొలకేసి చూసి, దించకుండా వెనక్కి పంపినావంట. అంగడి ముందర మంది రాళ్లేసేదానికి వచ్చినారంట. అయినా పంపినావంట. ఆ పొద్దు లారీని తిప్పి పంపినోనివి, ఈ పొద్దు ఈ సగం మాట చెప్పేకి ఎందుకు వెనకాడితివి?"

 బజారులో ఒక ఎద్దులబండి విత్తే గొర్రు ఒక్కటే వేసుకుని పోతోంది. గొర్రు పళ్లు పైకి తిరిగి ఉన్నాయి. వాన పడితే దిగుతాయి, లేకపోతే అలాగే ఇంటికి వెళతాయి. ఆంజనేయులు ఆ బండి మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఆ లారీ పోతే ఇంగో లారీ వస్తాదని నాకు తెలుసు," అన్నాడు చివరికి. "వచ్చింది కూడా. ఈ లైను వెనక్కి పంపితే ఇంగోటి రాదు పాపా. ఈ ఊరికి ఎవడు తెస్తాడు? నేను తేకముందు ఈ ఊళ్లో ఫోనే సరిగ్గా మోగేది కాదు. పిల్లోళ్లు రిజల్టు చూసుకునేకి బస్సెక్కి గుంతకల్లు పోయేవాళ్లు. సగం ఇచ్చి సగం తెచ్చుకున్నా. అది తప్పయితే తప్పే."

"తెచ్చింది తప్పు కాదు మామా. నిండుగా తెచ్చినానని చెప్పడం తప్పు."

ఆంజనేయులు లేచాడు. ఒంటి మీది శనక్కాయ పొట్టు దులుపుకున్నాడు.

"అంటిస్తే అంటించు. నేను అడ్డం రాను. కానీ రాస్తే అంతా రాయల్ల. సగం లైను తీసి క్యాంపుకిచ్చింది ఆంజనేయులని రాస్తావు కదా, ఆ సగం ఇయ్యకపోతే ఈ సగం కూడా మీకు లేదని కూడా రాయి. నీ చీటీలో దానికి జాగా ఉందా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు అతను. లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

ప్రశాంతి పైకెళ్లి చీటీల కట్ట ముందు నిలబడింది. మామ మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, సగమే వచ్చింది. తప్పు చేసినవాడు ముఖం చాటేస్తే సులువు. ఇతను తప్పుకు ఎదురుగా తను చేసిన మేలును కూడా తెచ్చి కూర్చోబెట్టాడు. రెండూ నిజమే. రెండింటినీ పక్కపక్కన పట్టేంత చీటీ ఎవరు అచ్చేస్తారు? కొంచెం సేపటికి, ఎవరికి ముందు చెప్పాలో మాత్రం ఆమెకు స్పష్టమైంది. కట్టలోంచి కొన్ని చీటీలు తీసుకుంది. మిగతావి బల్ల మీదే వదిలి బయల్దేరింది.

పద్మప్రియ తల్లి బయమ్మ సంత బజారు మూల మీద పొద్దున పూట ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. ప్రశాంతి వెళ్లేసరికి బేరం అయిపోయింది. బయమ్మ ఇంటి ముందు కూర్చుని బూడిదతో బాణలి రుద్దుతోంది.

"రా పాపా. ఉగ్గాని రవ్వంత మిగిలుండాది, తింటావా?" అంది. అంతలోనే ముఖం విప్పార్చుకుని, "మా పాపను మళ్లా పిలిచినారు, తెలుసునా! నువ్వు అంటించిపోయిన చీటీ పుణ్యమే," అంది.

ప్రశాంతి గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల పద్మప్రియ కంప్యూటరు మీది తువ్వాలు తీసి మడతపెడుతోంది. పక్కనే మోడెం డబ్బా. దాని మీద ప్రశాంతి చీటీ నాలుగు మూలలా అంటుకుని ఉంది.

"నీ చీటీ చదివినాక కంపెనీకి రాసినానక్కా," అంది పద్మప్రియ. "మాపున మా ఊళ్లో లైను సగమే వస్తాది, పొద్దున అయితే నిండుగా వస్తాది, పొద్దున షిఫ్టు ఇస్తే ఒక్క ఫైలూ ఆగదని. ముందే ఎందుకు చెప్పలేదన్నారు. నాకే తెలీదంటి. సరే, చూస్తామన్నారు. ఈ పొద్దు నుంచి వారం దినాలు పరీక్ష. మొదటి ఫైలు ఇంగ రొంతసేపట్లో వస్తాది."

"పొద్దున మీ అమ్మకు సాయం చెయ్యవా?"

"అందుకే కదా మొదట్లో మాపటిది తీసుకున్నా. ఇప్పుడు అమ్మే ఉల్లిగడ్డలు కోసుకుంటాదంట." నవ్వింది. "తక్కువ స్పీడుతో నాకు బాధ లేదక్కా. ఎంత తక్కువో, ఎప్పుడు తక్కువో ముందే తెలిసింటే అప్పుడే పొద్దున షిఫ్టు అడిగేదాన్ని. తెలీక పోగొట్టుకున్నా."

ఆ మాట విన్నాక చెప్పకుండా వెనక్కి వెళ్లిపోవాలని ప్రశాంతికి ఒక్క క్షణం అనిపించింది. పిల్ల సంతోషంగా ఉంది. చీటీ పనిచేసింది. సాయంత్రం సగమేనన్నది అబద్ధం కాదు కదా. ఎందుకు సగమో ఎవరికి కావాలి?

కానీ చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలడం, గుట్ట, క్యాంపు, మామ ఇచ్చిన మాట, అన్నీ చెప్పింది. బాణలి వదిలేసి వచ్చిన బయమ్మ బూడిద చేతులతోనే గడప మీద కూర్చుని విన్నది.

"అంటే మా పాప లైను తీసి ఆ క్యాంపు దొరలకు పోసినారా?" అంది. "అడగనన్నా అడగలేదే మమ్మల్ని!"

"ఊరుకోమ్మా," అంది పద్మప్రియ.

"ఏం ఊరుకునేది? అయినా ఇప్పుడు చెప్పి ఏం లాభం పాపా? మంది ఎక్కువైతేనేమి, క్యాంపోళ్లు తీసుకుంటేనేమి, మాపున సగమే కదా. పొద్దున వస్తాది కదా. పోనీ వదిలెయ్యి."

పద్మప్రియ మాత్రం వదిలేయలేదు. డబ్బా మీది చీటీ వంక చూస్తూ ఆలోచనలో పడింది.

"ఎందుకో కూడా తెలియల్లమ్మా," అంది మెల్లగా. "మంది ఎక్కువై తగ్గిందంటే, మంది లేనప్పుడు వస్తాదని ధైర్యంగా ఉంటాం. ఒకరి మాట మీద తగ్గిందంటే అట్ల కాదు. మాపున సగం కావాలన్నోళ్లు రేపు పొద్దున కూడా సగం కావాలంటే? వాళ్లను ఆపేది ఏముండాది అక్కా?"

 ఆ ప్రశ్న ప్రశాంతికి తట్టలేదు, మామను అడగనూ లేదు. ఆపేది ఏమీ లేదు. గుట్ట వాళ్లది.

"పెన్నుందా?" అంది.

డబ్బా మీది చీటీ ఊడిరాలేదు. అందుకని ఉన్నదాని మీదే 'వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి' అన్న మాట కొట్టేసింది. పైన ఏం రాయాలో ఇద్దరూ కలిసి వెతుక్కున్నారు. ప్రశాంతి రాసినది పద్మప్రియకు పొడుగనిపించింది. పద్మప్రియ చెప్పినది ప్రశాంతికి మరీ పొట్టిగా, మామ మీద నేరం మోపినట్టుగా వినిపించింది. కొట్టి, దిద్ది, చివరికి ఇలా కుదిరింది: 'సాయంత్రం సగం లైను వజ్రకరూరు క్యాంపుకు ముందే ఇచ్చేశాం. వాళ్ల గుట్ట మీద టవరు నిలబడినందువల్లే ఈ లైను ఊరికి వస్తోంది. ఈ ఏర్పాటు మారితే మీకు ముందుగా చెబుతాం.'

ఆఖరి వాక్యం పద్మప్రియది. "అది చెప్పగలవా అక్కా? చెప్పలేకపోతే రాయొద్దు," అంది.

ప్రశాంతి పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, రాసింది. రాశాక ఆ వాక్యం కింద తన పేరు కూడా పెట్టింది. పేరు పెట్టాక చెయ్యి తేలికపడినట్టూ లేదు, బరువెక్కినట్టూ లేదు. ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేని పని ఒకటి చేశానని మాత్రం తెలిసింది. మిగిలిన చీటీలన్నీ మళ్లీ అచ్చేయించాలి. మామ ముందు మళ్లీ నిలబడాలి. క్యాంపువాళ్లతో ఎవరో ఒకరు మాట్లాడాలి.

కంప్యూటరు చిన్నగా మోగింది. మొదటి ఫైలు వచ్చింది. పద్మప్రియ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుంది. కళ్లు సగం మూసి వింటూ, వేళ్లు కదపసాగింది. బయమ్మ చప్పుడు కాకూడదని బాణలిని వీధిలోకి తీసుకెళ్లి రుద్దుకోసాగింది. ఆ పిల్ల పని చేస్తుంటే చూడడం ప్రశాంతికి అదే మొదటిసారి. ఏదో దేశంలో ఎవరో ముసలాయన గుండెకు ఏమైందో ఇక్కడ సంత బజారు మూల మీద అక్షరమై దిగుతోంది. ఆమె గోడకు ఆనుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

టైపు చేయడం పూర్తయింది. పద్మప్రియ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకుంది. ఊపిరి పీల్చి, పంపే బొత్తం నొక్కింది. తెర మీద సన్నని నీలిగీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలైంది. చకచకా పాకింది. పగటి లైను.

వీధిలో మోటారు సైకిలు వచ్చి ఆగింది. హర్ష. హెల్మెట్టు కూడా తీయకుండా లోపలికి వచ్చాడు.

"వదినా, నాయన నీకేమన్నా చెప్పినాడా?"

"ఏమి?"

"నువ్వు ఇట్ల వస్తానే ఆఫీసులోకి పోయి నీ చీటీల్లో ఒకటి తీసుకున్నాడంట. జీపేసుకోని వజ్రకరూరు దిక్కు పోయినాడంట. అంగట్లో మనిషి చెప్తే నేను ఫోను చేస్తి. నువ్వు రావద్దు, ఆడ నాకు పనుండాది అని పెట్టేసినాడు." హర్ష హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాడు. "టవరు పనికి నేను లేకుండా నాయన ఎప్పుడూ పోలేదు వదినా."

"చీటీ ఎందుకు తీసుకున్నాడు?"

"నాకేం తెలుసు!"

"అక్కా," అంది పద్మప్రియ.

ఆ గొంతు విని ఇద్దరూ తిరిగి చూశారు. తెర మీద నీలిగీత సగం దాటి ఆగిపోయి ఉంది. డబ్బా మీద వరసగా వెలిగే పచ్చ దీపాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఆరిపోయాయి. ప్రశాంతి చప్పున తలెత్తింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు.

హర్ష గోడ వెంబడి తీగను తడుముతూ బయటికి పరుగెత్తాడు. స్తంభం దగ్గరి పెట్టె తెరిచి చూశాడు. మూసేశాడు. "ఈడ అంతా బాగుండాది," అని అరిచాడు. జేబులోంచి ఫోను తీసి గుట్ట మీది కాపలా మనిషికి కలిపాడు. రెండోసారికి కలిసింది. "అన్నా, లైను పోయింది. క్యాంపోళ్లు ఏమన్నా చేసినారా?" అని అడిగాడు.  వింటున్నాడు. వింటూ వింటూ మెల్లగా తిరిగి ప్రశాంతి వంక చూశాడు.

"ఏమన్నాడు?" అంది ఆమె గుమ్మంలోంచి.

హర్ష ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు.

"క్యాంపోళ్లు కాదంట వదినా. నీ చీటీ వాళ్ల చేతిలో పెట్టి, చీటీ మీద ఒకటి, మూటలో ఇంగోటి నాకొద్దని, వాళ్లు వద్దు వద్దంటాండంగా నాయనే టవరు ఎక్కినాడంట. ఆయన చేతులతోనే మొత్తం లైను తీసినాడంట. ఇంగా కిందికి దిగలేదంట."